పంట పండుగకి ద్రాక్షరసం

మా అత్తవారింటి పెరట్లో ద్రాక్ష పందిరి ఉండేదంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. సాలూరుకీ బొబ్బిలికీ మధ్య, వరీ చోళ్ళూ గోగూ పండే నేలలో ద్రాక్షేమిటని నవ్వుతారు. నవ్వనీ. అది రెండే రెండు తీగల పందిరి. తోట అనడానికి నాకే సిగ్గు. కానీ మా అత్త దాన్ని తోట అనే అనేది. ఆమె ఎదుట ఇంకో మాట అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆ తీగలు మా మావగారు నాటినవి. ఆయన దొరల బంగళాలో తోటపని చేసేవాడు. అక్కడి తీగ నుంచి రెండు కొమ్మలు అడిగి తెచ్చుకుని పెరట్లో పాతాడట. నేను కాపురానికి వచ్చేసరికే ఆయన పోయాడు. ఆయన పద్ధతులు మాత్రం పోలేదు. అవన్నీ మా అత్త నోట్లో భద్రంగా ఉండేవి.

ఎవరైనా ద్రాక్ష వేస్తే వానలు వెళ్ళాక కొమ్మలు కత్తిరించి, ఎండాకాలంలో పళ్ళు కోస్తారు. తెలివైన పని అదే. మా మావగారు మాత్రం ఎండలు ముదిరాక కత్తిరించేవాడు. అప్పుడు కత్తిరిస్తే వానల్లో పిందె పడి, పంట పండుగ నాటికి పండుతుంది. వానల్లో పండే ద్రాక్షలో సగం కుళ్ళిపోతుందని ఆయనకి తెలియక కాదు. మిగిలిన సగం చాలనుకునేవాడు.

మేము బాప్టిస్టులం. కొత్త గింజ ఇంటికొచ్చే రోజుల్లో ఒక ఆదివారం పంట పండుగ చేసేవాళ్ళం. ఎవరికి ఏది పండితే అది గుడికి తెచ్చేవారు. ఆ రోజే పెద్ద అయ్యగారు, అంటే పాస్టరుగారు, వచ్చి బల్ల ఇచ్చేవారు. బల్ల అంటే ప్రభువు బల్ల. చిన్న రొట్టె ముక్క, వేలెడంత గాజు గ్లాసులో ద్రాక్షరసం. మా ఊళ్ళో ఆరాధన నడిపే ఉపదేశికి బల్ల ఇచ్చే అధికారం లేదు. పెద్ద అయ్యగారు ఎన్నో ఊళ్ళు తిరగాలి కాబట్టి ఏడాదిలో రెండు మూడుసార్లే మా ఊరు వచ్చేవారు. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మాకు సారాయే కాదు, పులిసిన ద్రాక్షరసమూ నిషేధమే. బల్ల మీద పెట్టేది పులవని రసం. ఆ రసం మా పెరటి పళ్ళతోనే తయారు కావాలని మావగారి కోరిక. ఆయన పోయాక అది మా అత్త పట్టుదల అయింది.

నేను నౌపడ పిల్లని. మా నాన్న ఉప్పు మళ్ళలో కూలి. బోర్డింగులో చదువుకుని, ట్రైనింగయ్యి, ఈ ఊరి ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేరిన ఏడాదే నాకు పెళ్ళయింది. మా ఆయన లారీ డ్రైవరు. సాలూరు నుంచి ఘాటు ఎక్కి రాయపూర్ దాకా తోలేవాడు. మనిషి మంచివాడు. తాగుబోతుల పెళ్ళాలందరూ ఈ మాటే అంటారని నాకు తెలుసు. అయినా అంటాను.

ఆ రోజుల్లో మా వైపు మద్యనిషేధం. అందుకని సారా మరీ దగ్గరలో దొరికేది. ఘాటు దిగి వచ్చిన ప్రతిసారీ అతను ఇంటికి రాకముందే దాని వాసన వచ్చేది. అరవై ఏడో అరవై ఎనిమిదో, సరిగ్గా చెప్పలేను, ఆ ఏడు ఈస్టరు తెల్లవారి ఆరాధనకి తాగి వచ్చాడు. ఊరంతా తెల్లబట్టల్లో నిలబడి పాడుతుంటే గుడి మెట్ల మీద బోర్లా పడ్డాడు. నేనూ, మా అత్తా చెరో రెక్కా పట్టుకుని లేపి ఇంటికి తీసుకొచ్చాం. ఆ వారమే సంఘ పెద్దలు అతన్ని బల్లకి ఆపేశారు.

బల్లకి ఆపడం అంటే బయటివాళ్ళకి అర్థం కాదు. గుడికి రావచ్చు, పాడవచ్చు, కానుక వెయ్యవచ్చు. రొట్టె పళ్ళెం మాత్రం అతన్ని దాటి పక్కవాడి దగ్గరికి వెళ్తుంది. పళ్ళెం దాటుతున్నప్పుడు అందరి కళ్ళూ అక్కడే ఉంటాయి. అంతకంటే నలుగురిలో పెట్టి కొట్టినా బాగుండేది.

తేరుకున్నాక అతను నాతో ఒకే మాట అన్నాడు.

"నాను మానేస్తానే. ఒట్టుగా మానేస్తాను. కానీ పంట పండుగకి నన్ను బల్ల దగ్గరికి పిలవాలి. పిలిస్తే నిలబడిపోతాను. పిలవకపోతే మరి దేనికోసం మానాలి, నువ్వే సెప్పు."

నా కోసం మానకూడదా అని అడగాలనిపించింది. అడగలేదు. నా కోసమైతే అప్పటికే మానేసి ఉండేవాడు కదా. ఆ రోజు నుంచి నా కాపురమంతా పంట పండుగ మీద పెట్టుకుని కూర్చున్నాను.

అతను లారీ మానేశాడు. లారీ షెడ్డులో అడుగు పెడితే ఎవడో ఒకడు గ్లాసు చేతిలో పెడతాడని భయం. రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు, తక్కిన వేళంతా పందిరి కింద ఉండేవాడు. మొదట్లో అతని చేతులు ఎంత వణికేవంటే, కొమ్మ కత్తిరించబోయి వేలు కోసుకున్నాడు. మా అత్త కింద నిలబడి, "ఆ కొమ్మ ఉంచు, ఈ కొమ్మ కొయ్యి, రెండు కణుపు కళ్ళు ఒదిలి కొయ్యి" అని చెప్పేది. అతను చెమటలు కారుస్తూ చెప్పినట్టల్లా చేసేవాడు. కొడుకు వణుకు ఆమె చూసిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఆమె ఎప్పుడూ తీగనే చూసేది.

పాత వెదుళ్ళు పీకేసి సరుగుడు వాసాలు పాతాడు. ఇనప తీగ తెచ్చి పైన అడ్డంగా నిలువుగా లాగి కట్టాడు. మొదళ్ళు తవ్వి గెత్తం ఎరువు వేశాడు. ఆకులు విచ్చుకోగానే తెగులు రాకుండా మైలుతుత్తం ఒక కుండలో, సున్నం ఇంకో కుండలో నానబెట్టి, రెండూ కలిపి చీపురుతో చిలకరించేవాళ్ళం. నా చేతుల నీలం బడిలో సుద్దముక్కకి కూడా అంటేది. పిందెలు శనగగింజలంత అయ్యాక పాత ధోవతి చింపి గుత్తికో సంచి కుట్టాను. లేకపోతే పగలు గోరింకలు, చీకటి పడితే గబ్బిలాలు ఒక్క పండు మిగల్చవు.

దీపాలు పెట్టే వేళ అతనికి కష్టంగా ఉండేది. ముఖం పీక్కుపోయేది. లేచి పెరట్లోకి వెళ్ళి గుత్తి గుత్తికీ సంచి విప్పి చూసి, మళ్ళీ కట్టేవాడు. చూసిన గుత్తే మళ్ళీ చూసేవాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, దేవుడా, ఈ పళ్ళు పండనీ అనుకునేదాన్ని. మొగుడు బాగుపడాలని మొక్కాల్సిన మనిషిని, పళ్ళు పండాలని మొక్కాను. ఆ రెంటికీ నాకు తేడా తెలియకుండా పోయింది.

వినాయక చవితి వెళ్ళాక సంఘ పెద్దలు ఇంటికి వచ్చారు. నోటి వాసన పట్టాలని అతనికి దగ్గరగా కూర్చుని మాట్లాడారు. నాకు ఒళ్ళు మండింది గానీ కాఫీ ఇచ్చాను. వెళ్తూ వెళ్తూ వాళ్ళలో పెద్ద ఆయన అన్నాడు.

"సరే బాబూ, కుదురుకున్నావు. పంట పండుగ నాడు అయ్యగారు నిన్ను ముందుకి పిలుస్తారు. రొట్టే రసమూ పుచ్చుకుంటే నువ్వు మళ్ళీ బల్లలో ఉన్నట్టే."

వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా అతను చేతులు కట్టుకునే నిలబడ్డాడు. తర్వాత నా వైపు తిరిగి నవ్వాడు. పెళ్ళయ్యాక అతను అలా నవ్వడం చూడలేదు.

ఆ తర్వాత వాన పట్టుకుంది. మామూలు వాన కాదు. కొన్నాళ్ళు సన్నగా, కొన్నాళ్ళు ఉరుముతో, విడవకుండా పట్టింది. సంచుల్లో గుత్తులు చెమ్మకి మెత్తబడ్డాయి. పండు పగిలి చీమలు పట్టేవి. తాటాకులు తెచ్చి పందిరి మీద ఏటవాలుగా పరిచాడు. గాలికి అవి లేచిపోయేవి, మళ్ళీ పరిచేవాడు. రోజూ కుళ్ళినవి ఏరి బుట్టలో వేసేదాన్ని. ఉప్పు మళ్ళలో మా నాన్న ఆకాశం చూసి తిట్టే తిట్లన్నీ నాకు గుర్తొచ్చాయి. అన్నీ వరసగా తిట్టాను, మనసులోనే.

ఇక ఊరుకోలేక ఒకరోజు మా అత్తతో అన్నాను. "అత్తా, మిగతా ఊళ్ళలో ఎండు ద్రాక్ష నానబెట్టి పిండిన రసమే బల్లకి పెడతారు. సాలూరులో దొరుకుతుంది. నేను తెస్తాను. ఈ పళ్ళని నమ్ముకుంటే పండుగ ఆగిపోతుంది."

ఆమె బియ్యం చెరుగుతూ తలెత్తలేదు. "కొట్టులో పళ్ళు బల్ల మీద పెట్టడానికేటి మీ మావ తీగ పెంచినాడు?"

"తీగ కాదు అత్తా, నీ కొడుకు సంగతి చూడు."

"నా కొడుకు కోసమే సెప్తన్నాను. వాడి సేత్తో పెరిగిన పళ్ళు గుడంతా తాగాల. అప్పుడు వాడి మచ్చ పోతాది."

అతను గోడకి చేరబడి వింటున్నాడు. వాళ్ళమ్మ మాటకి అతని కళ్ళు తడిశాయి. "మన పళ్ళే పెడదామే," అన్నాడు. ఇద్దరూ ఒక్కటయ్యారు.

పండుగ వారంలోనే గాలివాన వచ్చింది. బుధవారం మధ్యాహ్నం బడి మధ్యలో వదిలేసి తడుస్తూ పరిగెత్తుకొచ్చాను. పందిరి ఒక పక్క కుంగిపోయింది. అతను విరిగిన వాసం కింద భుజం పెట్టి, నీళ్ళలో మోకాళ్ళు వంచి నిలబడ్డాడు. "కొయ్యండే, తొరగా కొయ్యండి," అని అరుస్తున్నాడు. మేమిద్దరం చేతికందిన గుత్తినల్లా కోసి బుట్టల్లో వేశాం. ఇంకో వారం తీగ మీద ఉండాల్సిన పళ్ళు అవి. పందిరి బరువంతా అతని భుజం మీదే ఉంది. చివరి గుత్తి కోసేదాకా కదల్లేదు. వాసం వదిలాక పందిరి మొత్తం నేల మీద పడుకుంది. అతను చతికిలబడి రొప్పుతూ బుట్టలకేసి చూశాడు. "సాలతాయా?" అని అడిగాడు. చాలతాయన్నాను. చాలకపోతే నేను చచ్చిపోతానని అనిపించింది.

కుళ్ళినవి తీసేస్తే సగం మిగిలాయి. పెద్ద ఎనామిల్ గిన్నెలో వేసి పిసకడానికి కూర్చున్నాం. అతను కూడా చేతులు కడుక్కుని వచ్చి గిన్నె దగ్గర కూర్చోబోయాడు. మా అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు ముట్టకూడదురా. బల్లకి ఆగినోడు పండు కొయ్యొచ్చు గానీ రసం ముట్టకూడదు. మీ నాన్న పెట్టిన కట్టు అది. ఆదివారం దాకా వంటింట్లోకి రాకు."

అతను తడి చేతులు తుడుచుకున్నాడు. అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాడు. పళ్ళ కోసం నానా చావూ చచ్చింది ఎవరని నేను అడగబోయాను. అతనే నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

కొత్త మల్లుగుడ్డలో రసం వడగట్టాం. ఇక కాచాలి. పులవకుండా ఉండడానికి రసాన్ని బాగా మరిగించి పెట్టడం మావగారి పద్ధతి. ఆ రోజు మరిగించడానికి పొయ్యి సహకరించలేదు. కట్టెలు తడి, గోగుపుల్లలు కూడా చెమ్మ పట్టాయి. ఊదీ ఊదీ నా కళ్ళు వాచిపోయాయి. ఇల్లంతా పొగ. రసం మీద ఆవిరి లేచింది గానీ ఉడుకు రాలేదు. అయినా మా అత్త దింపేసింది.

"ఇంకా మరగాలి కదా, అత్తా."

"ఆవిరొచ్చినాది గదే. ఇంకేటి మరగాల. కట్టెలు నీ బడి నుంచి తెస్తావేటి?"

వేలు ముంచి నాకి చూసింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. పండని పళ్ళు, అంత పులుపు. పెద్ద బెల్లం గడ్డ చితక్కొట్టి అందులో కలిపింది. కడిగి తుడిచిన ఆవకాయ జాడీలో పోసి, మూతికి గుడ్డతో వాసెన కట్టి, పొయ్యి పక్క గూట్లో పెట్టింది. అక్కడైతే వెచ్చగా, పొడిగా ఉంటుందట. "సెమ్మ తగిలితేనే గదా ఊరగాయకి బూజు పట్టేది," అంది. ఆమె పెట్టిన ఆవకాయ ఏ ఏడూ చెడలేదు. ఊళ్ళో సగం ఇళ్ళకి ఆమె చేతి జాడీలే వెళ్ళేవి. ద్రాక్షరసం ఆవకాయ కాదని, వెచ్చదనం దానికి పనికిరాదని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

శుక్రవారం అతను మిల్లు నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచాడు.

"అమ్మా, వంటింట్లోంచి వాసనొస్తన్నాది."

"ఏ వాసన?"

"అదే," అన్నాడు అతను.

"ఆ వాసన నీ ముక్కులోనే ఉన్నాదిరా. ఎంత కడిగినా పోదు," అంది మా అత్త. ఎంత నెమ్మదిగా అందంటే, తిట్టినా అంత తగిలేది కాదు. అతను పడిపోయిన పందిరి దగ్గరికి వెళ్ళి, తడి ఆకుల మధ్య ఒక్కడే నిలబడ్డాడు.

నిజం చెప్పాలంటే నాకూ వచ్చింది ఆ వాసన. ఇల్లంతా తడి పొగ, బెల్లం, వాటి అడుగున ఎక్కడో సన్నగా అది. అతని చొక్కా వాసన చూశాను. పక్కబట్టలు దులిపి చూశాను. ఉండబట్టలేక ఎదురుగా నిలబడి, "బావా, నోరు తెరువు," అన్నాను. అతను నా ముఖంలోకి చూసి తెరిచాడు. చుట్ట వాసన తప్ప ఏమీ లేదు. అయినా నాకు నమ్మకం కుదరలేదు. అతనితో కాపురం చేసిన ఏ ఆడదానికీ కుదరదు.

ఆదివారం వాన వెలిసింది. అతను తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని తొడుక్కున్నాడు. మా అత్త వాసెన విప్పి, పైన పట్టిన నురగంతా గరిటెతో తీసేసింది. బెల్లంలో మడ్డి అంది. కావలసినంత రసం వేరే పాత్రలోకి వడగట్టుకుని, కొంగు కప్పి, గుడికి మోసుకెళ్ళింది. వెనక మేమిద్దరం నడిచాం. దారిలో అతను నా చెయ్యి పట్టుకున్నాడు. మా వైపు మొగుడూ పెళ్ళాలు వీధిలో చేతులు పట్టుకోరు. నేను విడిపించుకోలేదు.

గుడిలో ఒక పక్క మొగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు, మధ్యన కొత్త చోళ్ళూ గుమ్మడికాయలూ కాళ్ళు కట్టిన కోళ్ళూ. ప్రసంగం అయ్యాక అయ్యగారు అతన్ని ముందుకి పిలిచి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. సంఘమంతా వింటుండగా, "ఈ తమ్ముడు మళ్ళీ మనతో బల్లలో చేరుతున్నాడు," అన్నారు. ముందు వరసలో కూర్చోబెట్టారు. మా అత్త కళ్ళు మూసుకుని ఏడుస్తోంది. నాకు ఏడుపు కూడా రాలేదు.

రొట్టె పళ్ళెం వచ్చింది. అతన్ని దాటలేదు, అతని ముందు ఆగింది. తీసుకుని తిన్నాడు. ఆ తర్వాత చెక్క పళ్ళెంలో గ్లాసులు వచ్చాయి. అందరికీ అందేదాకా గ్లాసు చేతిలో పట్టుకుని, అయ్యగారు చెప్పాక అందరం కలిసి తాగాలి. అది మా పద్ధతి. అతను గ్లాసు తీసుకుని ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు. ఒక్కసారిగా అతని మెడ బిగుసుకుంది. గ్లాసులోకి చూశాడు. వాళ్ళమ్మ వైపు చూశాడు. నా వైపు చూశాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదు. అయ్యగారు చెప్పారు. అందరూ గ్లాసులెత్తారు. అతను తన గ్లాసు నేల మీద, కాలి పక్కన పెట్టేశాడు.

నేను తాగాను. నాలుక మీద చురుక్కుమంది. గొంతులోంచి ఆ వాసన ముక్కులోకి ఎక్కింది. పెళ్ళయిన నాటి నుంచి నా దిండు పక్కన పడుకున్న వాసన.

చుట్టూ చూశాను. ఆడవాళ్ళు పులుపుకి ముఖం చిట్లించారు, అంతే. మొగవాళ్ళలో కొందరు గ్లాసు దించి నేల చూపులు చూస్తున్నారు. వాళ్ళకి తెలిసిపోయింది. కానీ ఎవరైనా ఎలా నోరు విప్పుతారు? పులిసిందని చెబితే, పులిసిన రుచి నీకెలా తెలుసని అడుగుతారు. ముట్టని వాళ్ళమని పేరున్న సంఘం మాది. గుడి మొత్తం ఒక్కటై నోరు మూసుకుంది.

ఆరాధన ముగియగానే పెద్దలు అతన్ని వరండాలో చుట్టుముట్టారు.

"గ్లాసెందుకు దించేసినావు? అయ్యగారు పిలిస్తే ఇలగేటి సేయడం?"

"పులిసిపోయినాదండి అది," అన్నాడు నెమ్మదిగా.

"ఇంత మందిమి తాగినాం. నీకొక్కడికే పులిసిందేటి?"

అతను ఒక్కొక్కరి ముఖంలోకీ చూశాడు. ఒక్కరు అవునన్నా చాలు. ఒక్కరూ అనలేదు. నేను ఆడవాళ్ళలోంచి ముందుకి తోసుకొచ్చాను. "నాకూ తెలిసిందండి. అది సారా వాసనే. ఆయన తాగితే ఒట్టు పోతుంది, అందుకే దించాడు," అన్నాను.

పెద్ద ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నీకెలగ తెలిసిందమ్మా? నువ్వు కూడా పుచ్చుకుంటావేటి?"

ఎవరో నవ్వారు. అయ్యగారు రుమాలుతో పెదవులు తుడుచుకున్నారు. ఆయనకీ తెలుసు. నేను ప్రమాణం చేసి చెప్పగలను. "తొందరపడవద్దు. ఇంకోసారి వచ్చినప్పుడు చూద్దాం," అన్నారు. ఆయన మళ్ళీ వచ్చేది క్రిస్మసు దాటాకే. చెప్పులు వేసుకుని జట్కా ఎక్కారు.

ఇంటికి వచ్చేదాకా మా అత్త మాకు నాలుగడుగుల ముందే నడిచింది. అతను పెరటి గుమ్మంలో కూర్చున్నాడు. నేను దగ్గర కూర్చుని, "నువ్వు గెలిచావు బావా, ముట్టకుండా గెలిచావు," అని చెప్తూనే ఉన్నాను. అతను వింటున్నట్టు లేడు. భుజం మీద వాసం మోసిన చోట చొక్కా కింద దెబ్బ నల్లగా కమిలి ఉంది, దాన్నే రుద్దుకుంటున్నాడు.

మా అత్త వంటింట్లోంచి జాడీ తెచ్చింది. అడుగున ఇంకా రసం మిగిలే ఉంది. ఇంకో చేతిలో గ్లాసు. కొడుకు ముందు చతికిలబడి కూర్చుంది.

"నీ తండ్రి పోయినాక ఇన్నేళ్ళు సేసినాను. ఒక్క ఏడు సెడలేదు. గుడి నిండా జనం ముందు నా రసం పులిసిపోయినాదన్నావు. నాను బల్ల మీద సారా పెట్టినానేటిరా?" ఆమె జీవితంలో కల్లు కూడా ఎరగదు. ఆమెకి అది పండని పళ్ళ పులుపే. "తాగకుండానే సెప్పినావు. ఇప్పుడు తాగి సెప్పు. నీకు తెలస్తాది గదా. తాగి, పులిసిందంటే నాను ఇంక గుడి మెట్టెక్కను."

"అత్తా, వద్దు," అంటూ నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. "నీ కాళ్ళు పట్టుకుంటాను. పారబొయ్యి దాన్ని."

"నా కొడుక్కీ నాకూ మధ్యన రాకు," అంది ఆమె.

"ఒగ్గేయే," అన్నాడు అతను. నాతోనే, ఆమె చెయ్యి వదలమని.

మా అత్త పోసింది. అతను గ్లాసు అందుకుని చాలాసేపు వాళ్ళమ్మ ముఖమే చూశాడు. తర్వాత ఒక్క గుక్కలో తాగేశాడు. కళ్ళు మూసుకున్నాడు. ఈస్టరు నుంచి బిగుసుకుని ఉన్న అతని దవడ నా కళ్ళ ముందే వదులైంది.

"పులిసిందా?" అని అడిగింది మా అత్త.

"లేదమ్మా. బాగుంది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చింది. అతను గ్లాసు మళ్ళీ ముందుకి చాపాడు.

"ఇంకొంచెం పొయ్యి."

మా అత్త కళ్ళు తుడుచుకుని, రెండు చేతులతో జాడీ వంచి, గ్లాసు నిండా పోసింది.